రోజులు బాగోలేనప్పుడు బొమ్మలు వేసుకుంటూ కూర్చోవచ్చా?

కుంచె_తెనాలి · ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే తప్ప రాసింది తక్కువ. నేను కథలకు బొమ్మలు వేస్తాను. మొదట వారపత్రికలకు, తర్వాత పిల్లల పుస్తకాలకు, ఇప్పుడు ఎక్కువగా కవిత్వం పుస్తకాల అట్టలకు. కోవిడ్ కాలంలో అచ్చు పత్రికలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాక సగం పని పోయింది. అట్టలున్నాయిలే అనుకున్నా. ఇప్పుడు రచయితలే ఫోన్లో ఏఐతో బొమ్మ చేయించుకుని "చేతికి ఆరు వేళ్లొచ్చాయి, కాస్త సరిచేసి పెట్టవా తమ్ముడూ" అని పంపిస్తున్నారు. ఆ వేలు తీసేసినందుకు ఇచ్చేది టీ ఖర్చులకు సరిపోతుంది.

మావయ్యకు ప్లాట్ల ఆఫీసుంది, వెళ్లి చేరమంటున్నారు నాన్న. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, ఇంట్లో అద్దె కట్టాలి, చెల్లి చదువుంది. కానీ నన్ను తినేస్తున్నది డబ్బొక్కటే కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నేను ఓ పిల్లల పుస్తకం కోసం నెమలి ఈకలకు రంగులు వేస్తూ కూర్చున్నా. పక్కన టీవీలో జనం నడుం లోతు నీళ్లలో పాలపాకెట్ల కోసం చేతులు చాస్తున్నారు. సిగ్గేసింది. అప్పట్నుంచీ కుంచె పట్టుకున్నప్పుడల్లా ఇదే ప్రశ్న. ఉద్యోగాలు ఊడుతున్నాయి, ఎక్కడో ఒకచోట యుద్ధం, వానలు పడవు, పడితే ఊళ్లు ముంచుతాయి, ఇలాంటి రోజుల్లో ఈ పని చేయడం అవసరమేనా? లేక కడుపు నిండినవాళ్ల వ్యవహారమా? ఓదార్పు వద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

లెక్కలమనిషి · ఆదివారం రాత్రి 11:15

ఓదార్పు వద్దన్నావు కాబట్టి చెప్తున్నా. మాది సింగ్‌నగరే. ఆ రోజు మాకు కావాల్సింది మంచినీళ్లు, కరెంటు, అమ్మ బీపీ మాత్రలు. నెమలి కాదు. దానికి నువ్వు సిగ్గుపడక్కర్లేదు, నువ్వు నెమలి వేయకపోయినంత మాత్రాన మాకు పాలపాకెట్ వచ్చేది కాదు కదా.

అసలు సంగతి వేరే. కళాకారులు తమ కష్టాన్ని ఎప్పుడూ మనసుకు సంబంధించినదానిలా చెప్తారు, నాకు మాత్రం అందులో కనిపించేది క్యాష్ ఫ్లో. అద్దె నెలనెలా వస్తుంది, నీ రాబడి మాత్రం ఎప్పుడో ఓసారి ముద్దగా వస్తుంది, మిగతా నెలలు ఖాళీ. రోజులు బాగున్నప్పుడు ఆ ఖాళీని ఎవరో ఒకరు అప్పిచ్చి పూడుస్తారు. రోజులు బాగోకపోతే అప్పిచ్చేవాడూ ఉండడు. మావయ్య ఆఫీసులో చేరు, రాత్రిపూట బొమ్మలు వేసుకో. వ్యవసాయం చేస్తూ భజన పాడుకునేవాళ్లు మన ఊళ్లలో లేరా?

హార్మోనియం · సోమవారం ఉదయం 6:05

లెక్కల సారూ, భజన చేసుకునేవాళ్లకు హార్మోనియం నేర్పేవాడు ఒకడుంటాడు. వాడికి పొలం ఉండదు. నేను ఆ బాపతు.

మాది కర్నూలు జిల్లా. మా వైపు పౌరాణిక నాటకం అంటే ఊళ్లో వాళ్లే వేషాలు కడతారు. రైతు కృష్ణుడవుతాడు, ఆర్టీసీ డ్రైవర్ దుర్యోధనుడవుతాడు. హార్మోనియం మాస్టర్ ఊళ్లో మకాం పెట్టి నెలల తరబడి పద్యాలు నేర్పిస్తాడు, ఆడవేషాలకు మాత్రం బయటినుంచి ఆర్టిస్టులను మాట్లాడుకుంటారు. సీన్లవాడు, లైట్లవాడు, మైకుసెట్టు, మేకప్పు, తబలా, ఇంతమంది బతుకుతారు ఒక్క రాత్రి ఆట మీద. పద్యం బాగా పాడితే వన్స్ మోర్ అంటారు, చదివింపులు మైకులో చెప్తారు. ఈ మొత్తం బండి శివరాత్రికి కదిలి ఉగాది, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్లతో వానాకాలం దాకా నడుస్తుంది. ఏడాదికి మా సంపాదన ఆ నాలుగు నెలలే.

2020లో శివరాత్రి ఆటలు అయ్యాయి. ఉగాది మార్చి 25. లాక్‌డౌన్ మొదటి రోజూ అదే. తాంబూలం తీసుకున్న ఆటలన్నీ పోయాయి. కొందరు పెద్దమనుషులు అడ్వాన్సు వెనక్కి అడగలేదు, కొందరు అడిగారు, వాళ్లనూ అనలేం. 2021లో జనవరి నుంచి కాస్త ఊపిరి పీల్చుకునేసరికి వేసవిలో రెండో వేవ్, మళ్లీ అదే సీజన్ మీద దెబ్బ. 2022 జనవరిలో చింతామణి నాటకం ఆడకూడదని ఆంధ్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. అందులో సుబ్బిశెట్టి వేషం మీద వైశ్యులకు ఎప్పట్నుంచో అభ్యంతరం ఉంది, దాని మంచిచెడ్డలు నేను ఇక్కడ మాట్లాడను. కానీ ఆ ఒక్క నాటకం మీదే బతికే ఆర్టిస్టులు ఉన్నారని ఎవరికన్నా తెలుసా?

కుంచె తమ్ముడూ, అవసరమేనా అని అడిగావు. లాక్‌డౌన్ ఎత్తేసిన తర్వాత మా పక్క ఊరివాళ్లు మొదట చేసిన పని ఏమిటో తెలుసా, గుడి ముందు పందిరేసి హరిశ్చంద్ర ఆడించారు. కాటిసీను దగ్గర ఆడ మగ అని లేదు, అందరూ ఏడ్చారు. ఆ ఏడుపు నాటకానికి కాదు, ఆ రెండేళ్లలో చేతులారా సాగనంపలేకపోయిన వాళ్లకోసం. ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకుపోయిన రోజులు కదా అవి. వాళ్లకు ఏడవడానికి ఒక చోటు కావాల్సొచ్చింది. అది మేమిచ్చాం. ఆ రాత్రి నాకు ముట్టింది చాలా తక్కువ, అదీ చెప్పాలిగా.

డాలస్_బాబాయ్ · సోమవారం ఉదయం 8:20

హార్మోనియం గారూ, కాటిసీను మాట చదివి కాసేపు ఏం తోచలేదండీ.

నేను సాఫ్ట్‌వేర్. ఇక్కడ అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి లేఆఫ్ వస్తే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. నాకు వచ్చింది. ఆ రోజుల్లో పగలంతా ఇంటర్వ్యూలు, రాత్రి నిద్ర పట్టేది కాదు. ఎప్పుడో కాలేజీలో వదిలేసిన మృదంగం అటక మీంచి దింపి ఆదితాళం నుంచి మొదలెట్టా. ఉద్యోగం దాని వల్ల రాలేదు లెండి, కానీ రోజుకు ఓ గంటసేపు బుర్రలో వీసా అనే మాట వినపడేది కాదు. ఆ గంట లేకపోతే నేను ఏమైపోయేవాణ్ణో. అందుకని కుంచె బాబూ, కళ అవసరమే. మనసు చిల్లులు పడ్డప్పుడు అది మందు.

కరక్కాయ · సోమవారం ఉదయం 11:50

బాబాయ్ గారూ, మీకు మళ్లీ ఉద్యోగం దొరికిందనుకుంటున్నా, సంతోషం. కానీ ఒక మాట. మీకు కళ ఊరట, మాకు కూలి. రెండూ ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి అందరూ కలిపేసి మాట్లాడతారు. "కళ మనసుకు మందు" అని పేపర్లో వ్యాసం వస్తుంది, ఆ వ్యాసం పక్కన వేసిన బొమ్మకు డబ్బులివ్వరు.

మాది శ్రీకాళహస్తి. కలంతో వేసే కలంకారీ. నా పేరు చూసి నవ్వుకుంటారేమో, మా గుడ్డ మొదట నానేది కరక్కాయ కలిపిన గేదెపాలలోనే. నల్లరంగు కావాలంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టాలి. పటిక పెట్టాలి, ఉడికించాలి, పారే నీళ్లలో ఉతకాలి, ఎండబెట్టాలి, మళ్లీ రంగు, మళ్లీ ఉతుకు. ఏరులో నీళ్లు లేకపోతే పని ఆగినట్టే. వానలు పడకపోయినా కష్టం, ముసురు పట్టి ఎండ రాకపోయినా కష్టం. కాబట్టి అనిశ్చితి అని పెద్ద మాటలు చెప్తుంటే మా అమ్మ నవ్వుతుంది, మాకు ఎప్పుడు నిశ్చయంగా ఉందే అని.

కుంచె గారు ఏఐ అంటున్నారు. మా దగ్గరికి ఆ దయ్యం ఎప్పుడో వచ్చింది, అప్పుడు దాని పేరు స్క్రీన్ ప్రింటు. మేం వారాలు కూర్చుని వేసిన బుద్ధుడి ముఖాన్ని ఎవరో ఫొటో తీసి పాలిస్టర్ మీద గుద్ది "కలంకారీ చీర" అని చీర నాలుగైదు వందలకు అమ్మారు. కొన్నవాళ్లను అడిగితే కలంకారీయే కదా అంటారు. 2005లో మా పనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి పనే అనే ముద్ర, వచ్చింది, మంచిదే, కానీ సంతలో బేరమాడే అక్కకు జీఐ చూపిస్తే ఏం లాభం? లాక్‌డౌన్ అప్పుడు కలంకారీ మాస్కులు ఎంత కనిపించాయో గుర్తుందా, వాటిలో ఎక్కువ భాగం అచ్చు గుడ్డే. దానివల్ల కొన్ని ఇళ్లలో పొయ్యి వెలిగింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ కలం పట్టేవాడికి అందులో పని లేదు.

ఎలా నిలబడ్డాం అంటే, అందరం నిలబడలేదు. మా వీధిలోనే కలం వదిలేసి బట్టల షాపులో చేరినవాళ్లు, ఆటో తీసుకున్నవాళ్లు ఉన్నారు. నిలబడినవాళ్లు ఎవరంటే తమ పేరు చెప్పి అడిగే ఖాతాదారులు ఉన్నవాళ్లు. ఏ కలంకారీ అయినా ఫర్వాలేదు అనేవాళ్లు ప్రింటుకు పోయారు. "ఫలానా చెయ్యి వేసింది కావాలి" అనేవాళ్లు కొద్దిమందే, వాళ్లే మమ్మల్ని మోశారు.

లెక్కలమనిషి · సోమవారం మధ్యాహ్నం 1:30

కరక్కాయ గారు చెప్పింది ఈ చర్చలో మొదటి పనికొచ్చే మాట. కుంచె, నీ పేరు చెప్పి అడిగేవాళ్లు ఎంతమంది? ఫేస్‌బుక్ లైకులు కాదు, ముందే డబ్బు పంపేవాళ్లు.

పాతకాగితం · సోమవారం సాయంత్రం 5:10

రిటైరైన తెలుగు మాస్టారిని, గుంటూరు జిల్లా. కొంచెం పాత సంగతి చెప్పనివ్వండి.

రోజులు బాగోలేనప్పుడు కళ ఎందుకూ అనే ప్రశ్న 1943లో కూడా వచ్చింది. ఒకవైపు ప్రపంచయుద్ధం, ఇంకోవైపు బెంగాల్‌లో జనం లక్షల్లో ఆకలితో చచ్చిపోతున్నారు, ఇక్కడా ధరలు మండిపోతున్నాయి. ప్రజానాట్యమండలి అప్పుడే పుట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావు నాటకాలు కట్టించారు. మా పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ పట్టుకున్నారు. అప్పటిదాకా భిక్షాటనకు చెప్పుకునే జంగం కథగా చూసిన దాన్ని ఊరి నడిబొడ్డున వేల మంది కూర్చుని వినే కథగా మార్చారు. కథకుడు మధ్యలో, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. కథ ఏ కాలానిదైనా ఆ వంతల నోటిగుండా ఆనాటి బియ్యం ధర, బ్లాక్ మార్కెట్ వచ్చేసేవి. బెంగాల్ కరువు మీద పాటలు, కథలు కట్టి చందాలు పోగుచేసి పంపారు. నీ నెమలి సిగ్గుకు జవాబు అక్కడుంది నాయనా. వాళ్లు కళను పక్కనపెట్టి సాయం చేయలేదు, కళతోనే చేశారు.

ఆ తర్వాత నిషేధాలొచ్చాయి, జైళ్లొచ్చాయి, అది వేరే కథ. నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

లెక్కలమనిషి · సోమవారం సాయంత్రం 6:00

మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నా. ఆ కళాకారుల దళాలకు అన్నం ఎవరు పెట్టారు?

పాతకాగితం · సోమవారం సాయంత్రం 6:45

మంచి ప్రశ్నే. కమ్యూనిస్టు పార్టీ పెట్టింది, ఊళ్లలో సానుభూతిపరుల ఇళ్లు పెట్టాయి. ఎవరింట్లో విడిది ఉంటే వాళ్లింట్లో భోజనం. దళం వెనక ఒక నిర్మాణం ఉంది. అది చెదిరిపోయాక కళాకారులు కూడా చెల్లాచెదరయ్యారు, చాలామంది సినిమాలకు మద్రాసు వెళ్లారు. కాబట్టి నీ వాదన నాకు అడ్డం కాదు లెక్కలబాబూ. ఒంటరిగా గదిలో కూర్చున్నవాడికి రోజులు బాగోకపోతే మరీ బాగోవు, నేననేది అదే.

నిర్వాహకుడు · సోమవారం రాత్రి 7:30

చింతామణి జీవో మీద, పార్టీల మీద రాసిన కొన్ని వ్యాఖ్యలు తీసేశాం. దానికి వేరే చోటు తెరుచుకోండి. ఇక్కడ కుంచె_తెనాలి అడిగినదాని మీద ఉందాం.

ఎర్రనేల · సోమవారం రాత్రి 9:25

మాది ధర్మవరం దగ్గర. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా అంటున్నారు, మాకు నోటికి అనంతపురమే వస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. మా వైపు వానలు మొహం చాటేస్తే పాతకాలంలో ఏం చేసేవాళ్లో తెలుసా? విరాటపర్వం చదివించేవాళ్లు, లేదా తోలుబొమ్మలవాళ్లను పిలిపించి విరాటపర్వం ఆడించేవాళ్లు. కౌరవులు ఆవులను తోలుకుపోయే గోగ్రహణం ఘట్టం అయ్యేలోపు వాన పడుతుందని నమ్మకం. ఆలోచించండి, పంట పోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదు, అప్పుడు ఊరంతా చందాలేసుకుని ఆట కట్టించారు. అంటే అన్నీ బాగున్నప్పుడు మిగిలిన డబ్బుతో చేసే ఖర్చు కాదది. బాగోలేనప్పుడే చేసే ఖర్చు. వాన పడిందా లేదా నన్నడగొద్దు. ఊరంతా ఒకచోట కూర్చుని తెల్లవార్లూ మేలుకుంటే, ఎవరింట్లో గింజలున్నాయో ఎవరింట్లో లేవో అందరికీ తెలిసిపోతుంది, మధ్యలో హాస్యం బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి రెడ్డిని కూడా నాలుగు బూతులు తిట్టి నవ్విస్తారు. అది చిన్న పనేం కాదు.

అలాగని ఆ ఆట బతికిందా అంటే లేదు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, వానకోసం ఆట కట్టించే ఊరు పోయింది. మా దగ్గర నిమ్మలకుంటలో ఆ కుటుంబాలు ఏం చేశాయంటే అదే మేకతోలు, అవే ఉలులు, అవే రంగులతో లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు చేయడం మొదలెట్టాయి. వాళ్లలో ఒకరైన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ఎగ్జిబిషన్లన్నీ మూతపడి లాంప్‌షేడ్లు ఇళ్లలో పేరుకుపోయాయి, ఎంత విడ్డూరమో చూడండి.

నాకు ఇందులో కలుక్కుమనేది ఒకటుంది. రావణుడి బొమ్మను కర్ర పట్టుకుని తెర మీద ఆడించేవాడు పాట తెలిసినవాడు, కథ తెలిసినవాడు. లాంప్‌షేడ్ మీద రావణుడికి మాట లేదు. తోలు బతికింది, ఆట నీరసించింది. కుంచె తమ్ముడు ఆరోవేలు తీసేసే పనిలో దిగితే అదే అవుతుందని నా భయం. చెయ్యి బతుకుతుంది, బొమ్మ పోతుంది.

డ్రాయింగ్_టీచరమ్మ · మంగళవారం ఉదయం 7:15

ఎర్రనేల అన్నా, లాంప్‌షేడ్‌ను మరీ అంత తీసిపారేయకండి. మా చేర్యాలలో గుడ్డ మీద వేసే కథల పటాల సంగతి కూడా అదే. వాటిని గోడకు పెట్టుకోవడానికి వేయలేదు ఎవరూ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, గౌడులకు చెప్పే గౌడజెట్టివాళ్లు, వీళ్లంతా నకాషీల దగ్గర పటం గీయించుకునేది. బారెడు బారెడు పొడవు పటం, దాన్ని విప్పుకుంటూ రాత్రులకు రాత్రులు కథ. చెప్పేవాళ్లు తగ్గేసరికి నకాషీ ఇళ్లకు గిరాకీ పోయింది. అప్పుడు పటాన్ని ముక్కలు చేసి ఫ్రేములు కట్టిన్రు, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి ముఖాలు చేసిన్రు, కీచైన్లు కూడా చేసిన్రు. ఆ ముక్కలే లేకపోతే ఇప్పుడు ఎర్రటి నేపథ్యం మీద ఆ కళ్లు ఎట్ల గీయాలో తెలిసిన చెయ్యి ఒక్కటి కూడా మిగిలేది కాదు. చెయ్యి మిగిలితే రేపు ఎవరన్నా పెద్ద పటం అడిగినా వేస్తది.

కానీ పద్మశ్రీలతో కడుపు నిండదన్నది నిజమే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు, 2024లో ఆయన భవనాల దగ్గర కూలిపని చేస్తున్నట్టు వార్తల్లో చూసినం కదా.

ఇంకో ముచ్చట. నేను బడిలో డ్రాయింగ్ చెప్తా, వరంగల్ వైపు. ఇంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో చేసిన. కోవిడ్ తర్వాత ఫీజులు రాలేదని అక్కడ మొదట తీసేసింది డ్రాయింగ్, మ్యూజిక్, పీఈటీ. లెక్కల సారును తీసేయలేదు! (లెక్కలమనిషి గారూ, మిమ్మల్ని కాదు.) 2023 జూలైలో మోరంచపల్లి వరదలో మునిగినప్పుడు నేను మారిన బడికి ఆ దిక్కు చుట్టాలున్న పిల్లలు కొందరు వస్తుండె. బడి తెరిచినంక వాళ్లకు ఏం గీయాలో చెప్పలే, కాగితాలు ఇచ్చిన అంతే. అందరూ నీళ్లే గీసిన్రు. ఒక పిల్లవాడు ఇంటి మీద నిలబడ్డ మనుషులను గీసి, మళ్లీ ఇంకో కాగితం అడిగి అదే బొమ్మ గీసిండు, మళ్లీ అడిగిండు. వారం దాకా అదే. తర్వాత ఓ రోజు ట్రాక్టర్ గీసిండు. నోటితో ఒక్క మాట చెప్పని పిల్లగాడు. అది మందా, కూలా నాకు తెల్వదు, కానీ ఆ పీరియడ్ లేకపోతే వాడు అది ఎక్కడ పెట్టుకునేవాడు?

కుంచె తమ్ముడూ, నెమలి గీసినందుకు సిగ్గెందుకు? వరదలో తడిసిపోయిన ఇంట్లో పిల్లలకు మళ్లీ పుస్తకాలు కొనాలి కదా. వాటిల్లో బొమ్మలుండొద్దా?

లెక్కలమనిషి · మంగళవారం ఉదయం 9:40

నేను కళకు శత్రువుని కాదు మేడం. మా అమ్మ వరద తగ్గాక బురద కడిగిన గుమ్మంలో మొదట చేసిన పని ముగ్గు వేయడం. గ్యాస్ కనెక్షన్ ఇంకా బాగవలేదు, ముగ్గు మాత్రం పడింది. కాబట్టి నాకూ తెలుసు. ముగ్గు మీద ఆధారపడి అద్దె కట్టొద్దనే అంటున్నా. ఇక్కడ అందరూ కళ గొప్పదనం చెప్తున్నారు, అబ్బాయి నెల ఎలా గడవాలో హార్మోనియం గారు, కరక్కాయ గారు తప్ప ఎవరూ చెప్పట్లేదు.

కుంచె_తెనాలి · మంగళవారం రాత్రి 9:50

అన్నీ రెండేసిసార్లు చదివా. లెక్కలమనిషి గారూ, మీరడిగినదానికి జవాబు: నా పేరు చెప్పి అడిగేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఆరో వేలు లేకుండా. ఇద్దరు పిల్లల రచయితలు, ఒక చిన్న ప్రచురణకర్త, ఒక కవి గారు, ఆయన డబ్బు ఎప్పుడూ ఆలస్యమే కానీ ఎగ్గొట్టరు.

నాన్నతో మాట్లాడా. మావయ్య ఆఫీసుకు కాదు గానీ ఊళ్లో ఒక డీటీపీ, ఫ్లెక్సు షాపులో మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా పనికి ఒప్పుకున్నా. పుట్టినరోజు ఫ్లెక్సులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సులు. అద్దె మటుకు వెళ్తుంది. పొద్దున నాది. ఇక ఏఐ బొమ్మలకు వేళ్లు సరిచేసే పని ఒప్పుకోను, ఎర్రనేల అన్న మాట బాగా తగిలింది. చెయ్యి మిగిలితే చాలన్న టీచరమ్మ మాట కూడా తగిలింది, రెండూ ఎలా కుదురుతాయో ఇప్పటికి తెలీదు.

డాలస్ బాబాయ్ గారూ, మీ గంట నాకు అసూయగా ఉందండీ. నేను బొమ్మ వేసి మరిచిపోయిన గంట ఎప్పుడో గుర్తులేదు, ప్రతి గంటకూ రేటు కట్టుకుంటూ వేస్తున్నా.

డాలస్_బాబాయ్ · మంగళవారం రాత్రి 11:00

కరక్కాయ గారు అన్నది నాకు సూటిగా తగిలింది, తగలాల్సిందే. ఇక్కడ మా తెలుగు సంఘాల్లో కూచిపూడి, సంగీతం, అవధానం అన్నిటికీ హాలు బుక్ చేస్తాం, భోజనాలకు ధారాళంగా ఖర్చు పెడతాం, బ్యానరు బొమ్మ మాత్రం ఎవరో కుర్రాణ్ణి ఉచితంగా అడుగుతాం. ఈసారి ఉగాది సంచికకు అట్ట బొమ్మకు డబ్బు పెట్టమని కమిటీలో అడుగుతా. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను, మా ట్రెజరర్ లెక్కలమనిషి గారికి అన్నలాంటివాడు.

హార్మోనియం · బుధవారం ఉదయం 5:50

తమ్ముడూ, నీకో పని. మా దగ్గర ఒక ఊళ్లో ఈ ఉగాదికి కురుక్షేత్రం కడుతున్నారు, నేనే మాస్టర్. సీన్లవాళ్ల దగ్గర ఇప్పుడు అన్నీ ఫ్లెక్సు సీన్లే, రాజదర్బారు అంటే ఏదో రాజస్థాన్ హోటల్ ఫొటో తెచ్చి పెడుతున్నారు, లైటు పడితే తళతళ మెరుస్తుంది, కృష్ణుడి ముఖం కనపడదు. ఊరి పెద్దాయన వెనకటి తరం మనిషి, చేత్తో వేసిన దర్బారు తెర కావాలని పట్టుబట్టాడు. వేస్తావా? వెడల్పు ఇరవై నాలుగు అడుగులు, ఎత్తు పన్నెండు.

కుంచె_తెనాలి · బుధవారం ఉదయం 7:30

అన్నా వేస్తాను! కానీ అంత పెద్దది ఎప్పుడూ వేయలేదు. గుడ్డ ఏది తీసుకోవాలి? రంగు పగిలిపోకుండా చుట్టిపెట్టుకోవాలంటే పూత ఏమేయాలి?

డ్రాయింగ్_టీచరమ్మ · బుధవారం ఉదయం 8:10

ముతక నూలు గుడ్డ తీసుకో. చేర్యాల పటానికి అయితే చింతగింజల గంజి, సుద్దమట్టి, తిరుమణి బంక కలిపి పూతలు పూతలుగా పూస్తరు, ఒక్కో పూత ఆరినంకనే ఇంకోటి. అంత పెద్ద తెరకు మందంగా పూస్తే చుట్టినప్పుడు పగుల్తది, పలచగా పూయి. ముందు చిన్న ముక్క మీద చేసి, మడిచి విప్పి చూడు.

కరక్కాయ · బుధవారం ఉదయం 10:20

పూతకు ముందు గుడ్డను బాగా ఉతికి గంజి మొత్తం తీసేయండి, మిల్లు గంజి ఉంటే ఏదీ పట్టదు. పన్నెండడుగుల ఎత్తంటే అతుకులు వస్తాయి, అతుకులు అడ్డంగా పెట్టుకోండి, నిలువు అతుకు స్తంభం మధ్యలో వచ్చిందంటే దూరం నుంచి కూడా కనిపిస్తుంది. రేటు చదరపు అడుగు లెక్కన చెప్పండి, గుడ్డ, రంగుల ఖర్చు వేరే. మొత్తం కలిపి ఒక అంకె చెప్తే బేరం అక్కడే మొదలవుతుంది.

లెక్కలమనిషి · బుధవారం ఉదయం 10:45

288 చదరపు అడుగులు. సగం అడ్వాన్సు. హార్మోనియం గారూ, మీ ఊరి పెద్దాయనకు ఫోన్‌పే ఉందా?

హార్మోనియం · బుధవారం మధ్యాహ్నం 12:15

ఆయనకు లేదు, ఆయన మనవడికి ఉంది. మనవడు అభిమన్యుడి వేషం. పద్యం ఇంకా రాలేదు గానీ డబ్బులు పంపడం వచ్చు. తమ్ముడూ, నీ నంబరు మెసేజిలో పెట్టు, ఇక్కడ పెట్టకు. బస్సు చార్జీలు మావే, భోజనం మా ఇంట్లో.